తెరుచుకోని ఆట

"ఆట తెరుచుకోవడం లేదు!"

ఈ మూడు ముక్కలూ ఇవాళ మా బంధువర్గంలో ఎంత తరచుగా వినబడుతున్నాయో చెప్పలేను. నలభయ్యో పడిలో పడ్డవాళ్ళందరికీ ఒక్కసారిగా చిన్ననాటి మీద బెంగ పుట్టుకొచ్చింది. చేతిలో మంచి కంప్యూటరుంది, జేబులో అంతకంటె మంచి ఫోనుంది. పాత ఆటయంత్రాన్ని అనుకరించే ఎమ్యులేటరు అనే ప్రోగ్రాము ఉచితంగానే దొరుకుతుంది. ఇంక లోటేమిటి? ఆట ఫైలు తెచ్చి దాని ముందు పెడతారు. నల్లటి తెర! మళ్ళీ పెడతారు. మళ్ళీ నల్లటి తెరే. మూడోసారి ఆ ఎమ్యులేటరునే తీసిపారేసి ఇంకొకటి తెస్తారు. నాలుగోసారి నాకు ఫోను చేస్తారు.

నేను ఇంజనీరును కాను. పాత యంత్రాల మీద మమకారం కొద్దీ వీటితో ఏళ్ళ తరబడి కుస్తీ పడుతున్నవాణ్ణి, అంతే. అయినా ఇంట్లో ఫ్యాను రెక్క తుడిచినవాణ్ణి ఎలక్ట్రీషియన్ అనడం మనవాళ్ళ సంప్రదాయం కనుక ఆ బిరుదు నాకూ వచ్చిపడింది.

ఎమ్యులేటరంటే ఏమిటో ముందు మనవి చేయాలి. అది వేషం కట్టిన నటుడు. మంచి నటుడు దుర్యోధనుడి వేషం కట్టాడంటే, రంగస్థలం మీద ఉన్నంతసేపూ దుర్యోధనుడికి తెలిసిందే తనకీ తెలుసు. పొరపాటున కూడా చేతిగడియారం చూసుకోడు. ఎమ్యులేటరూ అంతే. 1983 జూలైలో జపానులో నిన్టెండో కంపెనీ విడుదల చేసిన ఫామికాం వేషం కట్టిందనుకోండి, ఆ యంత్రానికి ఎంత తెలుసో దానికీ అంతే తెలుసు. ఆ యంత్రానికి ఫైలంటే తెలియదు, ఫోల్డరంటే తెలియదు. దానికి తెలిసినదల్లా నెత్తిన గుచ్చిన కార్ట్రిడ్జి. ఆ ప్లాస్టిక్కు డబ్బాలో ఆట ఒక్కటే ఉండేది కాదు. ఆటను యంత్రానికి అందించే సర్క్యూటు కూడా ఉండేది. మనం ఇవాళ తెచ్చిపెట్టే ఫైల్లో ఆట వచ్చింది గాని డబ్బా రాలేదు. అసలు తగువంతా అక్కడే.

అంచేత ఆట తెరుచుకోనప్పుడు ఎమ్యులేటరును తిట్టి లాభం లేదు. అసలు యంత్రానికి ఆ రోజున అందినదేమిటి, ఇవాళ దీనికి అందనిదేమిటి అని అడగాలి. నూటికి తొంభై రోగాలు ఆ ఒక్క ప్రశ్నతో బయటపడతాయని నా అనుభవం.

ఉదాహరణకు కాంట్రా ఆట తీసుకుందాం. తొంభైలలో మన ఊళ్ళల్లో ఆ ఆట ఆడని కుర్రవాడు లేడు. "టీవీ గేము" అని మనం అన్న యంత్రాలన్నీ దాదాపు ఈ ఫామికాంకి నకళ్ళే. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ ఆటంతా కలిపి 40 కిలోబైట్లు: ప్రోగ్రాముకి 32, బొమ్మలకి 8. ఈనాడు ఫోనుతో తీసిన ఒక్క ఫొటోలో అలాంటివి యాభై ఇమిడిపోతాయి. ఆ యంత్రం కార్ట్రిడ్జిలోంచి ఒకసారికి చూడగలిగిన ప్రోగ్రాము 32 కిలోబైట్లే గనుక మారియో సరిగ్గా సరిపోయింది. 1988లో వచ్చిన కాంట్రా 128 కిలోబైట్లు. మరి అదెలా పట్టింది? కార్ట్రిడ్జిలో ఒక సర్క్యూటు కూర్చుని, అద్దె పుస్తకాల దుకాణదారు ఒక భాగం తిరిగి తీసుకుని రెండో భాగం ఇచ్చినట్టు, కావలసినప్పుడల్లా కావలసిన ముక్కను యంత్రం ముందు పెట్టేది. ఈ ముక్కలు మార్చే సర్క్యూటును మాపరు అంటారు. అవి వందల రకాలు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క నంబరు.

ఆ నంబరు ఎమ్యులేటరుకు ఎలా తెలియాలి? మరాట్ ఫయజుల్లిన్ అనే ఆయన ఐనెస్ అనే ఎమ్యులేటరు రాస్తూ ఒక ఏర్పాటు చేశాడు. ఆట ఫైలు మొదట్లో 16 బైట్ల హెడరు. అందులో ప్రోగ్రాము ఎంత, బొమ్మలెంత, మాపరు నంబరెంత అన్నీ రాసి ఉంటాయి. మన భాషలో చెప్పాలంటే అది ఆట జాతకచక్రం. మారియో ఫైలు చూడండి; కచ్చితంగా 40,976 బైట్లుంటుంది. 40 కిలోబైట్ల ఆటకు 40,960, జాతకానికి 16.

జాతకాలున్న చోట దొంగజాతకాలూ ఉంటాయిగదా. ఆ రోజుల్లో ఒక ప్రోగ్రాము ఈ హెడరులో ఖాళీగా ఉండవలసిన గళ్ళలో "డిస్క్‌డ్యూడ్!" అని తొమ్మిది ఇంగ్లీషు గుర్తుల సంతకం పెట్టిపారేసింది. ఆ సంతకంలో మొదటి అక్షరం పడ్డ గడిలో మాపరు నంబరు పైసగం ఉండాలి. ఇంకేముంది, ఆ అక్షరం విలువ వల్ల నంబరుకు 64 కలిసింది. కాంట్రా అమెరికా ప్రతికి ఉండవలసిన మాపరు 2. జాతకంలో 66 అని కనబడింది. ఎమ్యులేటరు ఆ మాట నమ్మి 66వ రకం డబ్బా వేషం కట్టింది. ఆట తెరుచుకోలేదు. ఆట మంచిదే, ఎమ్యులేటరు మంచిదే. మధ్యనున్న పదహారు బైట్లే చెడ్డవి. ఆ తర్వాత వచ్చిన ఎమ్యులేటర్లు చాలావరకు ఈ సంతకాన్ని పోల్చి పక్కన పెడతాయి. పాతవి నమ్మి మోసపోతాయి.

ఇంకొక తమాషా. అదే కాంట్రా, అదే సంవత్సరం, జపాను ప్రతిలో సర్క్యూటే వేరు. అమెరికా ప్రతి జాతకం తెచ్చి జపాను ఆటకు అంటిస్తే కుదరదు. పేరు ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడవుతాడా? మా వీధిలోనే ముగ్గురు సుబ్బారావులున్నారు. పోస్టుమాను బాధ ఎమ్యులేటరు బాధ ఒకటే.

యంత్రాన్ని బట్టి రోగం మారుతుంది. 1990లో వచ్చిన సూపర్ ఫామికాం ఆటలకి కొన్నిటికి ముందు 512 బైట్ల అనవసరపు పీఠిక ఒకటి అతుక్కుని ఉంటుంది. నకలు తీసిన పరికరం పెట్టిన పీఠిక అది. దానివల్ల పుస్తకంలో పుటల సంఖ్యలన్నీ జరిగిపోయినట్టు ఆటంతా 512 అడుగులు పక్కకు జరుగుతుంది. పసిగట్టడం తేలికే: ఫైలు పరిమాణాన్ని 1024తో భాగించండి, శేషం సున్నా రావాలి, 512 వచ్చిందంటే పీఠిక ఉన్నట్టే. 1996 నాటి నిన్టెండో 64 ఆటలది ఇంకో తీరు. ఒకే ఆటను మూడు వరసల్లో రాసి దాచారు. సరైన వరసలో మొదటి నాలుగు బైట్లు 80, 37, 12, 40 అని ఉంటాయి. 37, 80, 40, 12 అని కనబడితే ప్రతి జంటా తారుమారయిందన్నమాట. "కలము" అన్న మాటను "లకము" అని చదివితే ఏమర్థమవుతుంది? వరస సరిచేసే చిన్న ప్రోగ్రాములున్నాయి, నిమిషం పని.

కొన్నిసార్లు అసలు రోగమే ఉండదు. 1986లో ఫామికాంకి తోడుగా వచ్చిన డిస్కు పరికరంలో ఆటలు రెండు పక్కలా ఉండేవి. ఒక పక్క అయిపోగానే డిస్కు తిప్పమని అడుగుతుంది. అడిగేది జపాను భాషలో. మనకు చదవడం రాదు. ఆట నిలిచిపోయిందని కంప్యూటరు ఆపేస్తాం. అది పాపం మర్యాదగా మన కోసం కాచుకుని ఉంది! ఎమ్యులేటరులో డిస్కు తిప్పే మీట ఒకటుంటుంది. అది నొక్కితే చాలు.

మరొకటి. 1997లో మొదలైన మేమ్ అనే ఎమ్యులేటరు నాణెం వేసి ఆడే పెద్ద పెట్టెల ఆటల కోసం. దానికి జిప్పు మూటను విప్పకుండా, పేరు మార్చకుండా ఇవ్వాలి. విప్పి ఫైళ్ళను విడివిడిగా పడేస్తే "కావలసిన ఫైళ్ళు లేవు" అంటుంది. కొన్ని ఇతర ఎమ్యులేటర్లకి అదే మూట విప్పి ఇవ్వాలి. ఒకాయన భోజనానికి విస్తరి వేసి పిలవాలి, ఇంకొకాయనకి క్యారేజీ పంపాలి. ఎవరి మర్యాద వారిది.

ఇవన్నీ వినోదానికి చెబుతున్నానని అనుకోకండి. ఈ చిన్న లెక్కల మీద ఒక్కొక్కప్పుడు పెద్ద వస్తువే ఆధారపడుతుంది. అలాంటిది మా ఇంట్లోనే జరిగింది.

మా పెద్దక్కయ్యది తెనాలి. మా బావగారు 2000 ప్రాంతంలో అక్కడ ఒక చిన్న గదిలో రెండు టెలివిజన్లు, రెండు ప్లేస్టేషన్లు పెట్టి, గంటకింత అని పిల్లలచేత ఆడించేవారు. రాత్రి దుకాణం కట్టేశాక కొడుకుని పక్కన కూర్చోబెట్టుకుని గ్రాన్ టురిస్మో అనే కార్ల పందెం ఆడేవారు. బావగారికి జీవితంలో కారు లేదు. లూనా మీదే తిరిగారు. ఆ ఆటలో మాత్రం పది వేల క్రెడిట్లతో మొదలుపెట్టి, పాత బండి ఒకటి కొని, పందేలు గెలిచి, ఆ డబ్బుతో ఇంకో బండి కొని, చివరకు గ్యారేజీ నిండా కార్లు సంపాదించారు. 2011లో ఆయన పోయారు. దుకాణం అంతకుముందే మూతపడింది.

మా మేనల్లుడు ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన వేసవిలో ఇల్లు సర్దుతుంటే అటకమీద ఒక అట్టపెట్టె దొరికింది. అందులో ఒక ప్లేస్టేషను, డిస్కుల సంచీ, బూడిదరంగు మెమరీ కార్డు ఒకటి. వాడు పెట్టెతో సహా నా దగ్గరకు వచ్చాడు.

"మావయ్యా! నాన్న కార్లు ఇందులో ఉన్నాయేమో చూడు. మా అమ్మాయికి చూపించాలి."

యంత్రంలో డిస్కు తిరుగుతోంది గాని చదవడం లేదు, లేజరు అరిగిపోయింది. కనుక ఎమ్యులేటరే దిక్కు. వాడు వచ్చేముందే రెండు రోజులు తంటాలు పడ్డాడట, తెరుచుకోలేదు.

మొదట కార్డు సంగతి చూశాను. ఏ పనికైనా ముందు అసలును భద్రం చేయాలి, తరువాతే వైద్యం. మెమరీ కార్డును కంప్యూటరుకి తగిలించే పరికరం తెచ్చి దాని ప్రతి తీశాను. 1,31,072 బైట్లు రావాలి, సరిగ్గా వచ్చాయి. మొదటి రెండక్షరాలు ఎమ్, సి అని ఉండాలి, ఉన్నాయి. ఆ ప్రతిని మూడు చోట్ల దాచి, కార్డును మళ్ళీ పెట్టెలో పెట్టించాను. ఆ తర్వాత కార్డు జోలికి ఎవరూ పోకూడదని వాడిచేత ఒట్టు వేయించాను.

ఇక మొదటి అడ్డంకి బయాస్. ప్లేస్టేషను కరెంటు పెట్టగానే ఆటకంటె ముందు మేలుకునే ప్రోగ్రాము అది. యంత్రం లోపలి చిప్పులో ఉంటుంది. అది లేకపోతే పురోహితుడు రాని పెళ్ళే. వధూవరులు ఎంత సిద్ధంగా ఉన్నా తాళి కట్టించేవారు లేరు. సోనీ కంపెనీ కనెక్టిక్స్ అనే కంపెనీ మీద వేసిన దావాలో 2000లో అమెరికా అప్పీలు కోర్టు ఎమ్యులేటరు పక్షాన్నే తీర్పు చెప్పింది గాని, బయాస్ మాత్రం సోనీవారి సొత్తే. ఎవరి యంత్రంలోది వారు తీసుకోవడమే ధర్మం. ఎలాగూ బావగారి యంత్రం పనిచేయడం లేదు గనుక, నా మిత్రుడొకరు ఆ చిప్పు ఊడదీసి చదివి ఫైలుగా ఇచ్చారు. 5,24,288 బైట్లు, అంటే 512 కిలోబైట్లు. దాన్ని ఎమ్యులేటరు చెప్పిన ఫోల్డరులో, చెప్పిన పేరుతోనే పెట్టాను. పేరులో చిన్నక్షరానికి పెద్దక్షరం పడినా కొన్ని యంత్రాలు ఒప్పుకోవు.

రెండో అడ్డంకి మేనల్లుడి ప్రేమ! డిస్కు నుంచి తీసిన ప్రతి రెండు ఫైళ్ళుగా ఉంటుంది. బిన్ అనే పెద్ద ఫైల్లో డిస్కులోని సరుకంతా ఉంటుంది. క్యూ అనే చిన్న ఫైలు విషయసూచిక. సరుకు ఏ ఫైల్లో ఉందో, ఎక్కడ మొదలవుతుందో అందులో మామూలు అక్షరాల్లో రాసి ఉంటుంది. మావాడు పెద్ద ఫైలు పేరు మార్చి "నాన్న ఆట" అని పెట్టుకున్నాడు. విషయసూచికలో పాత పేరే ఉంది. ఎమ్యులేటరు పాత పేరుతో పిలుస్తుంది, పలికేవాడు లేడు. సూచిక తెరిచి అందులోనూ "నాన్న ఆట" అని రాశాను. బిన్ ఫైలు పరిమాణాన్ని 2352తో భాగిస్తే శేషం రాలేదు; డిస్కులో ఒక్కొక్క గడి 2352 బైట్లు కనుక ఏ గడీ మధ్యలో తెగలేదన్నమాట.

ఆట తెరుచుకుంది. సంగీతం వచ్చింది. మావాడు కుర్చీ అంచుకు జరిగాడు. కార్డు నుంచి పాత ఆట తెమ్మని అడిగాం.

అలాంటిదేమీ లేదంది.

వాడి ముఖం చూడలేకపోయాను. "చెరిగిపోయిందేమోలే మావయ్యా, పాతికేళ్ళయిందిగా!" అన్నాడు, తనను తానే సముదాయించుకుంటూ.

అక్కడే నా ప్రశ్న నాకు అక్కరకొచ్చింది. ఆనాడు అందినదేమిటి, ఇవాళ అందనిదేమిటి? కార్డు ప్రతిని విప్పి చూశాను. అందులో పదిహేను గళ్ళుంటాయి, దాచిన ప్రతి ఆటకూ ఒక పేరుంటుంది. ఆ పేరులో ఆట అచ్చు సంకేతం కూడా ఉంటుంది. గ్రాన్ టురిస్మో గడి పదిలంగా ఉంది! పేరు మొదట్లో బి, ఎ. వాటి వెనుక ఎస్, సి, యు, ఎస్. అంటే అమెరికా ప్రతి. మనం తెరిచిన డిస్కులో సంకేతం ఎస్, సి, ఇ, ఎస్. అంటే యూరపు ప్రతి. యూరపు ఆట తన సంకేతం ఉన్న గడినే వెతుకుతుంది. పక్క గడిలో ఏముందో తనకు అనవసరం. చిరునామాలోనే తేడా. బావగారు పోలేదు, పక్క గుమ్మంలో ఉన్నారు.

"సంచీలో ఈ ఆటవే ఇంకో డిస్కు ఉందా?" అన్నాను.

ఉంది. గీతలు పడ్డదని వాడు పక్కన పెట్టేశాడట. బజారులో కొన్న నకలు డిస్కు గనుక పైన సంకేతమేమీ లేదు. మెత్తని గుడ్డతో మధ్యనుంచి అంచువైపు తుడిచాం. గుండ్రంగా తుడిస్తే గీత దారి వెంటే పడి మరింత హాని చేస్తుంది. వేగం బాగా తగ్గించి చదివించాం. మొదటిసారి సగంలో ఆగింది. రెండోసారీ ఆగింది. ఇంకో డ్రైవు తెచ్చి పెడితే, భోజనాలయ్యేసరికి చివరిదాకా వచ్చింది. లోపలున్న సిస్టమ్ అనే చిన్న ఫైల్లో సంకేతం చదివాను: ఎస్, సి, యు, ఎస్.

ఈసారి గ్యారేజీ తెరుచుకుంది. వరసగా కార్లు. అన్నిటికంటె పైన ఆయన మొట్టమొదట కొన్న పాత హోండా సివిక్. గ్యారేజీ నిండినా దాన్ని అమ్ముకోలేదు.

మనవరాలు తెరదగ్గరగా వచ్చి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. "తాతయ్యకి ఇన్ని కార్లా?" అంది.

అక్కయ్యకు ఫోను చేసి చెప్పాం. కాసేపు మాట్లాడలేదు. తరువాత, "రాత్రి పదకొండింటిదాకా దుకాణంలో ఏం లెక్కలండీ అని రోజూ సాధించేదాన్నిరా! ఇవా ఆ లెక్కలు!" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఫోనులో తెలియలేదు.

మేనల్లుడు ఆ సివిక్‌ను వెంటనే బయటకు తీయలేదు. ప్రతిలోనే ఆడుతున్నాం, అసలు కార్డుకేమీ కాదు అని నేను రెండుసార్లు చెప్పాక తీశాడు. పందెంలో ఆఖరున వచ్చాడు. ఆ విషయం ప్రత్యేకంగా చెప్పవద్దన్నాడు, చెప్పేశాను.

ఇప్పుడు ఆలోచించండి. వాడు ఆ రెండో రోజున విసుగెత్తి పెట్టెను పాతసామాన్లవాడికి ఇచ్చేసి ఉంటే? యంత్రం "లేదు" అన్నది అబద్ధం కాదు. అది తనకు తెలిసిన చోట వెతికి, తనకు తెలిసినంతలో నిజమే చెప్పింది. ఆ మాటను పూర్తి జవాబని మనం అనుకుంటేనే నష్టం. పిల్లవాడు అన్నం వద్దన్నాడంటే తల్లి వెంటనే నమ్మదు. జ్వరమా, అలకా, పక్కింట్లో తిని వచ్చాడా అని ఆరా తీస్తుంది. యంత్రాల దగ్గర మాత్రం మనకు ఆ ఓపిక ఉండదు.

ఓపిక పట్టేవాళ్ళు మన ఇళ్ళల్లోనే పుట్టాలి. ఎందుకంటే కంపెనీలు ఈ ఆటలన్నిటినీ దాచిపెడతాయని ఆశపడే వీలు లేదు. 2023లో అమెరికాలో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్‌వారు చేసిన పరిశీలనలో, ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం బజారులో కొందామన్నా దొరకడం లేదని తేలింది. ఆటల సంగతే అది. ఆ ఆటల్లో ఎవరి తండ్రి ఏ కారు కొన్నాడో ఏ కంపెనీ దగ్గరా ఉండదు. అటకమీది అట్టపెట్టెలోనే ఉంటుంది. కార్ట్రిడ్జిలు కొన్నిటిలో దాచిన ఆటను కాపాడేది చిన్న బొత్తాం బ్యాటరీ. అది నీరసించిన రోజున లోపలిదంతా చడీచప్పుడూ లేకుండా పోతుంది. నకలు డిస్కులు కూడా కాలక్రమాన వెలిసిపోతాయి.

కనుక ఈ వ్యాసం చదివి ఎవరైనా అటక ఎక్కబోతుంటే ఒక్క మనవి. ఫైలు పరిమాణం సరిపోయిందా చూడండి. మూట విప్పాలో విప్పకూడదో కనుక్కోండి. బయాస్ చెప్పిన చోట, చెప్పిన పేరుతో ఉందా చూడండి. సూచికలో పేరూ ఫైలు పేరూ ఒకటేనా పోల్చండి. ఏ దేశపు ప్రతో సంకేతం చదవండి. ఎమ్యులేటరు తన లాగు పుస్తకంలో ఏం గొణుక్కుందో అదీ చదవండి. చాలాసార్లు జవాబు అక్కడే రాసి ఉంటుంది. వీటన్నిటికంటె ముందు, చేతిలో ఉన్న అసలుకి ప్రతి తీసి భద్రంగా దాచండి.

ఆ తరువాతే ఆట.